పల్లడంలో ఆగని బండి

పోయినవాటిని ముందు లెక్క పెడతాను, నా అలవాటు అది. ఒక మనిషి. ఒక చీర, చిరిగిపోలేదు, పారేయలేదు, కప్పవలసిన మనిషికి చేరలేదు, అంతే. ఒక అన్నకు చెల్లెలి ముఖం చివరిసారి చూసే వీలు. ఇద్దరు బావా బావమరుదుల మధ్య ముప్పై ఏళ్ల రాకపోకలు. ఒక బండి, ఇష్టపడి కొన్నవాడే తెచ్చి వదిలేసి పోయినది. ఇవి కాక ఒక దూరం ఉంది. దాన్ని పోయినవాటిలో వేయాలా, రావలసినవాటిలో వేయాలా అన్నది నాకు ఇంకా తేలలేదు. అందుకని దాన్ని చివరికి ఉంచుతాను.

రెండు వేల ఇరవై రెండులో ఇది మొదలైంది. కోయంబత్తూరు పీలమేడులో ఎలక్ట్రిక్ బైకులు అమ్మే ఒక అంగడిలో అప్పటికి నేను చేరి ఏడాది. అంతకు ముందు ఒక నూలు మిల్లులో టైమ్ ఆఫీసులో పనిచేశాను. మిల్లు మూతపడింది. నేను చదివింది తమిళంలో, పదో తరగతి వరకు. లెక్కలు సొంతంగా నేర్చుకున్నవే. ఇంట్లో మాట్లాడే తెలుగుకు అక్షరాలు కూడా నలభై దాటాక గోడ క్యాలెండర్ చూసి నేర్చుకున్నాను. అంగడిలో రంగులు, లైట్లు, సీటు కింద డిక్కీ చూపించడానికి వేరే వాళ్లున్నారు. నేను ఒక పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, ఈ మనిషికి ఏ బండి సరిపోతుందో లెక్క వేసి చెబుతాను. అందరూ నన్ను కణక్కు అన్న అంటారు. కణక్కు అంటే మా వైపు తమిళంలో లెక్క.

ఎలక్ట్రిక్ బైకు కొనేవాళ్లు మొదట అడిగేది రేంజ్ గురించి. ఒకసారి పూర్తిగా చార్జి పెడితే బండి ఎంత దూరం పోతుందో అది రేంజ్. కంపెనీ కాగితంలో ఒక అంకె ఉంటుంది. అది సన్నటి మనిషి ఒక్కడే, చదునైన రోడ్డు మీద, గాలి లేని పూట, మెల్లగా నడిపినప్పటి అంకె. అలాంటి పూట మన బతుకులో ఎన్ని ఉంటాయి? అందుకని నేను ఆ అంకెలో మూడో వంతు తీసేస్తాను. మిగిలిందే నిజమైన రేంజ్. ఆ తర్వాత మూడు ప్రశ్నలు అడుగుతాను. రోజూ ఎంత దూరం పోతారు? వెనక ఎవరు కూర్చుంటారు? ఇంట్లో ప్లగ్గు ఎక్కడుంది? ఈ మూడింటికీ జవాబు వస్తే బండి దానంతట అదే తేలిపోతుందని అప్పుడు అనుకునేవాణ్ణి.

దొరసామి, రంగనాయకి ఆలుమగలు. ఒక ఆదివారం పొద్దున పాత మొపెడ్డు మీద వచ్చారు. ఇద్దరికీ యాభైకి అటూ ఇటూ ఉంటాయి. దొరసామి పంపులు పోసే ఫౌండ్రీలో ఇసుక అచ్చులు కట్టేవాడు. రంగనాయకి ఒక కాలేజీ హాస్టల్లో వంట చేసేది. అమ్మే కుర్రవాళ్లు దొరసామికి నీలం బండి, ఎర్ర బండి తిప్పి తిప్పి చూపిస్తుంటే ఆమె విసుక్కుంది.

"ఏం మామా, రంగు చూసేదానికా వచ్చినాము? ఎంత దూరం పోతాదో ఆ అన్నను అడుగు."

"మనవాళ్లా మీరు?" అన్నాను.

"తెలుగుదా అన్నా. మా మామకు కోపం వస్తే మాత్రం తమిళం."

"కోపం వచ్చేదానికి నువ్వు నేరం ఇస్తేగదా," అన్నాడు దొరసామి. నేరం అంటే మాకు వేళ, తీరిక; మాట చివర దా అంటే 'అదే' అని నొక్కి చెప్పడం. ఆయన చాలా మెల్లగా మాట్లాడే మనిషి.

మూడు ప్రశ్నలూ అడిగాను. ఇంటి నుంచి హాస్టల్, అక్కడ ఆమెను దించి ఫౌండ్రీ, సాయంత్రం అదే దారి. రోజుకు పద్దెనిమిది కిలోమీటర్లు. ఇద్దరు మనుషులు. ప్లగ్గు వాకిట్లోనే ఉంది.

"అయితే చిన్న బ్యాటరీ చాలు. కాగితంలో డెబ్బై ఐదు అని ఉంటుంది, నిజంగా యాభై పోతుంది. రెండు రోజులకు ఒకసారి చార్జి పెట్టుకోండి," అన్నాను.

దొరసామి చెయ్యి పక్కనున్న పెద్ద బ్యాటరీ బండి మీద ఉంది. "ఇది ఎంత పోతాది?"

"కాగితంలో నూట ఇరవై. నా లెక్కలో ఎనభై."

"అయితే ఇదిదా కావాల. ఈమె అన్నగారి ఊరు కుండడం దాటి లోపల. మా వాకిట్లో నుంచి వాళ్ల వాకిలికి అరవై ఒక్క కిలోమీటరు. బస్సు రెండు మారవల్ల. దీంట్లో అయితే ఒకే పట్టున పోవచ్చు."

రంగనాయకి ఆయన చేతిని సీటు మీద నుంచి తీసేసింది. "ఏడాదికి రెండు తూర్లు పోయే ఊరి కోసరం ఇంత పెద్దదా? ఎచ్చుగా అడిగే దుడ్డు నా మూడు నెలల జీతం మామా. అన్నా, చిన్నదాంట్లో మా అన్న ఊరికి పోతే ఎంత తక్కువ పడతాది?"

"యాభై పోతుంది. అరవై ఒకటి కావాలి. పదకొండు తక్కువ."

"పదకొండుదానా?" ఆమె నవ్వింది. "నడాన పల్లడంలో మా చిన్నమ్మ ఇల్లు ఉండాది. ఆగకుండా పోతే చిన్నమ్మ ఊరుకుంటాదా? ఆడ వైరు తగిలించి, మజ్జిగ తాగి, రెండు గంటలు ఊరి కతలు మాట్లాడి పోతాము. అంతలో ఎంత ఎక్కుతాది?"

"ఇరవై కిలోమీటర్లకు సరిపడా ఎక్కుతుంది అమ్మిణీ." చెల్లెలి వరస ఆడవాళ్లను మేము అలా పిలుస్తాము.

"అయితే తొమ్మిది మిగులు. చూసినావా మామా, లాభంలో ఉండాము."

"ఆ తొమ్మిది ఏం చేసుకుంటావు?"

"నువ్వు దారి తప్పేదానికి పెట్టుకో."

కుర్రవాళ్లు కూడా నవ్వారు. ఆమె వేసిన లెక్కను నేను ఇంకోసారి వేసి చూశాను. సరిగానే ఉంది. పల్లడం ముప్పై రెండో కిలోమీటరు మీద ఉంది, అక్కడికి చేరేసరికి పద్దెనిమిది మిగులుతాయి, ఇరవై కలిస్తే ముప్పై ఎనిమిది, అక్కడి నుంచి కావలసింది ఇరవై తొమ్మిది. తిరుగు ప్రయాణానికి రాత్రి అన్నగారింట్లో చార్జి. ఎక్కడా తప్పు లేదు. చిన్న బ్యాటరీ బండి రంగనాయకి పేరు మీద రిజిస్టరు చేయించారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. దొరసామి నడిపాడు, ఆమె వెనక కూర్చుంది.

ఆ లెక్క మూడుసార్లు నిజమైంది. మొదటిసారి ఊరికి పోయి వచ్చాక ఆమె పనిగట్టుకుని అంగడికి వచ్చి చెప్పింది. "మీ కణక్కు ఒక కిలోమీటరు తప్పింది అన్నా. ఎనిమిదిదా మిగిలింది. చిన్నమ్మ ఒక సంచి నిండా టెంకాయలు కట్టి ఇచ్చింది, దాని బరువు మీరు వేయలేదు."

రెండో ఏడు మార్గళి నెలలో, అంటే ధనుర్మాసంలో, ఆమెకు జ్వరం వచ్చింది. రెండు రోజులు పెద్దాసుపత్రిలో ఉంది. మూడో రోజు తెల్లవారుజామున పోయింది. నాకు ఈ సంగతి చాలా రోజుల వరకు తెలియదు. పదహారో రోజు కర్మ అయ్యాక దొరసామి బండిని ట్రాలీ ఆటోలో వేసుకుని అంగడికి వచ్చాడు. గడ్డం పెరిగి ఉంది. దించి, స్టాండు వేసి, తాళం చెవి నా బల్ల మీద పెట్టాడు.

"అమ్మేయండి అన్నా. ఎంత వస్తే అంత."

"అమ్మిణి ఏమంటుంది?" అని అడిగేశాను. ఆయన తాళం చెవిని నా వైపు ఇంకొంచెం జరిపాడు. అప్పుడు తెలిసింది.

టీ తెప్పించాను. తాగలేదు, చేతిలో పట్టుకునే కూర్చున్నాడు. తనే మొదలుపెట్టాడు. ఆయన చెప్పింది అర్థం కావాలంటే మా వాళ్ల పద్ధతి ఒకటి ముందు చెప్పాలి.

మా వాళ్లలో పెళ్లయిన ఆడమనిషి పోతే ఆ కబురు మొదట చేరవలసింది పుట్టింటికి. ఫోన్లో కాదు. ఆమె భర్తో కొడుకో పోయి, వాకిట్లో నిలబడి, నోటితో చెప్పాలి. అది విన్నాక అన్నదమ్ములు కొత్త చీర తీసుకుని బయలుదేరుతారు. పుట్టింటి చీర అంటాము. వాళ్ల చేత్తో కప్పితేనే అది పుట్టింటి చీర. కబురు తీసుకుపోయే మనిషి ఒక్కడే పోవాలి. దారిలో ఎవరి గడపా ఎక్కకూడదు. నీళ్లు కూడా పుచ్చుకోకూడదు. నలుగురు కూర్చున్న బండి ఎక్కకూడదు. ఆ మాట చెప్పేవరకు ఇంకొకరితో ఇంకో మాట ఉండకూడదు. ఇప్పుడు చాలా ఇళ్లలో ఇది పోయింది, సెల్‌ఫోన్లోనే అన్నీ తెలిసిపోతున్నాయి. రంగనాయకి అన్న వెంకిటుసామి ఇంట్లో మాత్రం పోలేదు. వాళ్ల అమ్మ పోయినప్పుడు ఎవరో ఆయనకు ఫోన్లో చెప్పారట, ఆయన అప్పుడు సంతలో ఎడ్ల బేరంలో ఉన్నాడు. ఆ తర్వాత దొరసామిని పిలిచి, "నా చెల్లెలి విషయంలో మంచైనా చెడైనా నువ్వు ఎదురుగా వచ్చి చెప్పవల్ల. ఫోను చేస్తే నేను రాను," అన్నాడట.

"ఇంటికి తెచ్చి పడుకోబెట్టినాక బయలుదేరినాను," అన్నాడు దొరసామి. "పక్కింటివాళ్లు కారు తీస్తామన్నారు. వద్దన్నాను. మా బండి రెండు రోజులుగా వాకిట్లోదా ఉండె, నిండా చార్జి ఎక్కి. వెనక ఎవురూ లేరు కదా. ఆమె బరువు తగ్గింది కాబట్టి ఆ పదకొండూ కలిసొస్తాదని మనసులో లెక్క వేసుకున్నాను అన్నా. ఆ పొద్దున అలాంటి లెక్క వేసినాను చూడండి."

"పల్లడంలో?" అన్నాను.

"చిన్నమ్మ వాకిలి ఊడుస్తా ఉండె. నన్ను చూసి చెయ్యి ఎత్తింది. నేను తల తిప్పుకుని పోయినాను." ఆయన గ్లాసు బల్ల మీద పెట్టాడు. "ఆమెకు అప్పుడుదా తెలిసిపోయింది. చీపురు కింద పడేసి రోడ్డు మీదికి వచ్చింది. అద్దంలో చూసినాను. ఆమె ఇంటి ముందు ఆగకుండా పోయే మనిషి ఏం తీసుకుపోతాడో ఆమెకు తెలవదా?"

పల్లడం దాటాక ఎకో మోడ్‌లో పెట్టాడట. ఎకో మోడ్ అంటే వేగం తగ్గించి దూరం పెంచే మీట. అయినా కుండడం రాకముందే బండి మెల్లగా నత్తలాగా పోయి, ఆగిపోయింది. తర్వాత నేను కూర్చుని వేసి చూశాను. ఒంటి మనిషి కావడం వల్ల, మెల్లగా పోవడం వల్ల మిగలవలసినదంతా రెండేళ్ల పాత బ్యాటరీ, మార్గళి నెల తూర్పు గాలి కలిసి తినేశాయి. మొదటి రోజు నేను చెప్పిన యాభై దగ్గరే బండి ఆగింది. ఇంకా పదకొండు ఉంది.

"ఒక్క ఫోన్ చేసి ఉంటే వ్యానులో ఇంకో బ్యాటరీ పంపేవాణ్ణి కదా దొరసామీ."

"ఫోను జేబీలోదా ఉండె అన్నా. మాట్లాడకూడదు కదా."

మినీ బస్సువాడు ఆపి పిలిచాడట. టీ అంగడి ముందు ఒకడు, "ప్లగ్గు ఉండాది అన్నా, బ్యాటరీ తెచ్చి పెట్టుకో," అన్నాడట. ఈయన తల అడ్డంగా ఊపి, బండిని తోసుకుంటూ పోయాడు. ఆ మోడల్లో మోటారు వెనక చక్రంలోనే ఉంటుంది. చార్జి లేనప్పుడు తోస్తే అది చక్రాన్ని పట్టి వెనక్కి లాగుతుంది. చదును రోడ్డు మీద కూడా మెట్ట ఎక్కినట్టే ఉంటుంది.

"బండిని ఆ టీ అంగడి దగ్గరే వదిలేసి నడిచిపోయి ఉండవచ్చు కదా?"

"ఆమె పేరులోదా ఉండాది అన్నా," అన్నాడు.

వెంకిటుసామి ఇంటి ముందుకు చేరేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. ఆయన తిన్నె మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్లో చీర ఉంది. ఎందుకంటే పొద్దున ఏడున్నరకే దొరసామి కూతురు మదురై నుంచి బస్సులో వస్తూ ఏడుపు ఆపుకోలేక మామకు ఫోన్ చేసింది. చిన్నపిల్ల, దాన్ని ఎవరూ తప్పుపట్టలేరు. ఆ తర్వాత పల్లడం చిన్నమ్మ కూడా చేసింది. వెంకిటుసామి ఇద్దరి దగ్గరా ఏమీ మాట్లాడకుండా ఫోన్ పెట్టేశాడట. కుండడానికి మనిషిని పంపి చీర తెప్పించుకుని కూర్చున్నాడు. దొరసామి వచ్చి చెబితే లేద్దామని.

"'చెప్పు' అన్నాడు. చెప్పినాను. 'నువ్వు మూడోవాడివి దొరసామీ' అన్నాడు. 'నా చెల్లెలి కబురు తెచ్చేదానికి నీకు మట్టమధ్యాహ్నం అయ్యిందా? ఊరంతా నన్ను చూసి పోతా ఉండాది పొద్దున్నుంచి' అన్నాడు. చార్జి అయిపోయింది బావా అన్నాను. ఇంకేదో చెప్పబోతే, చీర నా చేతిలో పెట్టి, 'నువ్వే కప్పుకో పో' అని లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు."

ఊళ్లో ఎవరో ఆయనను కారులో తెచ్చి ఇంటి దగ్గర దించారు, బండిని తర్వాత లారీలో పంపారు. కానీ పెద్దవాళ్లు ఆ చీర కప్పనివ్వలేదు. అన్న చెయ్యి లేకపోతే అది పుట్టింటి చీర కాదన్నారు. కూతురు తన చీర ఒకటి కప్పింది. సాయంత్రం నాలుగు గంటలకు తీసుకుపోయారు.

బండిని నేను కొని అంగడి వెనక నిలబెట్టాను. అమ్మడానికి చెయ్యి రాలేదు.

రెండు నెలలు పోయాక ఒక మధ్యాహ్నం పెట్రోలు మోటారు సైకిల్ మీద ఒక పెద్దాయన వచ్చాడు. తెల్ల చొక్కా, తెల్ల పంచె, దుమ్ము. కొనేవాడి చూపు కాదు.

"కణక్కు అన్న మీరేనా? నేను రంగనాయకికి అన్నను."

కుర్చీ వేశాను. కూర్చోలేదు.

"మా దొరసామి బండి ఆగిపోయింది అనినాడు. నిజమా, సాకా? అది తెలిస్తే చాలు నాకు."

వెనకకు తీసుకుపోయి బండి చూపించాను. కాగితం తీసి లెక్క వేసి చూపించాను. యాభై, అరవై ఒకటి, పల్లడం, ఇరవై. ఆయన వేలు పెట్టి ఒక్కొక్క అంకెనూ తాకుతూ చూశాడు.

"ఈ పదకొండు తక్కువ అని కొనేటప్పుడే తెలుసునా?"

"తెలుసు. మీ చెల్లెలికీ తెలుసు. పల్లడంలో ఆగి పోదామని లెక్క సరిచేసింది ఆమే."

"వాడు ఆగలేదే."

"మీ కోసం ఆగలేదు."

ఆయన వంగి బండి సీటు మీద పేరుకున్న దుమ్ము చేత్తో తుడిచాడు, వెనక మనిషి కూర్చునే చోట.

"ఏడున్నరకు పాప ఫోను చేసింది," అన్నాడు. "అప్పటినుంచి ఒంటిగంట దాకా తిన్నె మీద కూర్చున్నాను. వాడు వస్తాడు, వస్తాడు అని. నా మోటారు సైకిల్ ఎదురుగాదా నిలబడి ఉండె, నిండా పెట్రోలు పోసి. వాడు పదకొండు కిలోమీటర్ల దూరంలో తోసుకుంటా వస్తా ఉండాడు. నేను ఎదురు పోయి ఉంటే పావు గంట." ఆగి అడిగాడు. "వినేవాడు ఎదురు పోకూడదని ఏమన్నా ఉండాదా అన్నా? మీరు చదివినవాళ్లు మాదిరి ఉండారు."

నేను చదివినవాణ్ణి కాదు. కానీ ఆ ప్రశ్న దొరసామి బండి అప్పగించిన రోజు నుంచి నా బుర్రలో కూడా ఉంది. మేలూరులో ఉన్న మా పెద్దత్తను, సూలూరులో ఇద్దరు ముసలివాళ్లను అడిగి పెట్టుకున్నాను.

"లేదు," అన్నాను. "చెప్పేవాడికి నియమాలు చాలా ఉన్నాయి. వినేవాడికి ఒక్కటి కూడా లేదు."

ఆయన తల ఊపాడు. కాగితం అడిగి తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, జేబులో పెట్టుకున్నాడు.

"దొరసామి ఇల్లు ఇక్కడికి మూడు కిలోమీటర్లు. దారి చెప్పనా?" అన్నాను.

"తెలుసు," అన్నాడు. బండి తీశాడు. రోడ్డు మీదికి వచ్చి, అటు చూశాడు, ఇటు చూశాడు. తర్వాత పల్లడం వైపు తిప్పుకుని పోయాడు.

ఆ ఏడాది చివర బండిని తిరుప్పూరులో బనియన్ కంపెనీలో పనిచేసే ఒకతనికి అమ్మాము, బ్యాటరీ మార్చి. నా పనిలో మారింది ఒక్కటే. మూడు ప్రశ్నలు ఇప్పుడు నాలుగయ్యాయి. రోజూ ఎంత పోతారు, వెనక ఎవరు, ప్లగ్గు ఎక్కడ అని అడిగాక, "ఎక్కడా ఆగకుండా పోవలసిన దూరం ఏమైనా ఉందా?" అని అడుగుతాను. కాలేజీ పిల్లలు నవ్వుతారు. కొందరు ఎయిర్‌పోర్టు అంటారు. మావాళ్లు కొందరు మాత్రం నవ్వరు. ఆలుమగలు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు, మనసులో ఏదో ఊరికి దారి కొలుచుకుని అంకె చెబుతారు. ఎందుకు అడుగుతున్నావని వాళ్లు అడగరు, నేను చెప్పను. కొత్త బండి కొనే పూట ఆ మాట ఎవరు ఎత్తుతారు? రంగనాయకి నా ముందు నిలబడి నవ్విన రోజు నేనూ ఎత్తలేదు, ఆమె భర్తా ఎత్తలేదు. ఎత్తి ఉన్నా ఆమె పెద్ద బ్యాటరీ కొననిచ్చేది కాదేమో.

దొరసామి ఇప్పుడు బస్సులో పనికి పోతాడు. చీర ఆయన బీరువాలో, అంగడివాడు వేసిన మడత మీదే ఉందని కూతురు చెప్పింది. ఆయన కుండడం పోలేదు. వెంకిటుసామి పీలమేడు దాకా ఇంకో రెండుసార్లు వచ్చి, నా దగ్గర కాసేపు కూర్చుని, తిరిగి పోయాడు. వచ్చిన ప్రతిసారీ జేబులోంచి ఆ కాగితం తీసి చూసుకుంటాడు. పోయినసారి దాని మీద తన పెన్నుతో పదకొండు చుట్టూ గీత గీసి ఉంది. పక్కన తమిళంలో తన పేరు రాసుకున్నాడు, అప్పు తీసుకున్నవాడు రాసే చోట.

ఇవాళ్టికి రావలసినది: పదకొండు కిలోమీటర్లు.